ఈఈఈ అయిపోయింది: కరెంటాఫీసులో ఏడాది అప్రెంటిస్‌గా చేరాలా, గేట్‌కి కూర్చోవాలా?

బ్రాడీపేట_ఈఈఈ · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఈ ఏడాదే బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) పూర్తయింది. అప్రెంటిస్ శిక్షణ కోసం కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాను. విజయవాడ వైపు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఏడాది శిక్షణకి పిలుపు వచ్చింది. ఇంట్లో మాత్రం తలో మాట. నాన్న "ఆ స్టైఫండ్ కోసం ఏడాది పాడుచేసుకుంటావా, హైదరాబాద్ పోయి గేట్ కోచింగ్‌లో చేరు" అంటున్నారు. బాబాయేమో "ముందు కరెంటాఫీసులో కాలు పెట్టు, ఏడాది తిరిగేసరికి వాళ్లే పర్మినెంట్ చేస్తారు" అంటున్నాడు. అక్కడ నిజంగా ఏం నేర్పుతారు? రేపు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నోటిఫికేషన్ పడితే ఇది పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. శుక్రవారం లోపు జవాబివ్వాలి.

ఎంఆర్‌టీ_మనిషి · సోమవారం రాత్రి 9:48

తమ్ముడూ, ముందు మీ బాబాయి గారి మాట తేల్చుకుందాం. అది నమ్ముకుని మాత్రం చేరొద్దు. అప్రెంటిస్ అంటే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణలో ఉన్న మనిషి, ఉద్యోగి కాడు. శిక్షణ అయ్యాక సంస్థ నీకు ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు. నువ్వు సంతకం పెట్టే కాంట్రాక్టులోనూ ఆ మాట ఉంటుంది, చదువుకో. 2019లో సవరించిన నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీస స్టైఫండ్ 9,000 రూపాయలుగా పెట్టారు. అందులో సగం కేంద్రం భరించేలా. నీ కాగితం మీద ఎంత ఉందో చూసుకో.

ఇంజనీర్ ట్రైనీ వేరు. పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ లాంటివాటిలో ట్రైనీగా చేరినవాళ్లు మొదటి రోజు నుంచే ఉద్యోగులు. ఏడాది శిక్షణ, జీతం, దాంతోపాటు బాండు. మన పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కో, కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, ఇళ్లకి పంచే డిస్కంలలో ఏఈ అంటే నేరుగా నోటిఫికేషన్, రాతపరీక్ష. అప్రెంటిస్, ట్రైనీ, ఏఈ అనే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లే ఇళ్లలో ఇంత గందరగోళం. మీ నాన్నగారిని, బాబాయి గారిని కూర్చోబెట్టి ఈ తేడా చెప్పు. సగం గొడవ అక్కడే తీరుతుంది.

గేట్_గురి · సోమవారం రాత్రి 10:15

నాన్నగారు చెప్పిందే కరెక్టని నా అభిప్రాయం. పవర్‌గ్రిడ్ ఇటీవలి ఎంపికల్లో గేట్ మార్కులకి 85 శాతం, గ్రూప్ డిస్కషన్‌కి 3, ఇంటర్వ్యూకి 12 శాతం వెయిటేజీ. అంటే నీ తలరాత దాదాపు ఫిబ్రవరిలోనే తేలిపోతుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కదా అని ధీమాగా ఉండకు. ఎంటెక్ అడ్మిషన్‌కి అది నిజమే కానీ, పీఎస్‌యూలు (ప్రభుత్వరంగ సంస్థలు) ఎక్కువగా ఆ ఏటి స్కోరే అడుగుతాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సబ్‌స్టేషన్‌లో నిలబడి వచ్చి, రాత్రి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ లెక్కలు చేయడం చెప్పినంత తేలిక కాదు. కాలేజీలో చదివింది బుర్రలో తాజాగా ఉన్నప్పుడే కూర్చోవాలి. ఏడాది గ్యాప్ వస్తే మ్యాథ్స్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

రిటైర్డ్_ఏడీఈ · మంగళవారం ఉదయం 6:20

బాబూ, నేను బోర్డు రోజుల్లో చేరినవాణ్ణి. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డును 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడదీశారు. మరుసటేడు డిస్కంలు వచ్చాయి. మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలు ముందు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కింద ఉండేవి. 2020 నుంచి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్ కిందికి వచ్చాయి. బోర్డులెన్ని మారినా పని మారలేదు. నువ్వు అడిగిన "ఏం నేర్పుతారు" అన్నదానికి నా జవాబు: ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నువ్వు అడిగి నేర్చుకోవాలి. అడిగితే మాత్రం పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది.

ఒక్కటి చెబుతాను, ఎల్‌సీ. లైన్ క్లియర్ అని నువ్వు వినే ఉంటావు, అంటే లైన్ మీద పని చేయడానికి కరెంటు ఆపి ఇచ్చే అనుమతి. లైన్‌మన్ ఫోన్ చేసి ఫలానా 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి వెళ్లే లైను) మీద ఎల్‌సీ కావాలంటాడు. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ బ్రేకర్ (కరెంటు ఆపే పెద్ద స్విచ్) తీస్తాడు, లైన్‌ను విడదీసే ఐసొలేటర్ తెరుస్తాడు, రిజిస్టర్‌లో టైము, అడిగినవాడి పేరు, ఎల్‌సీ నంబరు రాస్తాడు. చూసేవాళ్లకి ఇదంతా గుమాస్తా పనిలా కనిపిస్తుంది. అసలు పని స్తంభం దగ్గర మొదలవుతుంది. ఏబీ స్విచ్ తెరవాలి. మూడు బ్లేళ్లూ నిజంగా విడిపోయాయో లేదో కింద నుంచి కళ్లారా చూడాలి, ఒక్కోసారి ఒక బ్లేడు కరుచుకుని ఉండిపోతుంది. లైన్‌లో కరెంటు లేదని పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా తీగను నేలకి కలిపే డిశ్చార్జ్ రాడ్లు తగిలించాలి. ముందు ఎర్త్ క్లాంపు బిగించి, తర్వాతే రాడ్డు తీగకి పెట్టాలి. తీసేటప్పుడు ముందు రాడ్డు, తర్వాత క్లాంపు.

"సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసేశాక మళ్లీ రాడ్లెందుకు" అని కుర్ర ఇంజనీర్లు అడుగుతారు. నేను పనిచేసిన ఒక సెక్షన్‌లో ఎల్‌సీ మీద లైను ఆగి ఉంది. ఆ లైను మీదే ఉన్న ఒక షాపు వాళ్లు బయటి లైన్‌ను విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వేశారు. ఆ 433 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కితే అవతల 11 కేవీ అవుతుంది. నువ్వు మెషీన్స్ పేపర్‌లో టర్న్స్ రేషియో అని రాసింది ఇదే. రాడ్లు వేసి ఉన్నాయి కాబట్టి జనరేటర్ ఫ్యూజు కొట్టేసింది. పైనున్న మనిషి క్షేమంగా కిందికి దిగాడు. ఆ సంగతి చూసిన ఏఈ జీవితంలో రాడ్లు లేకుండా మనిషిని స్తంభం ఎక్కనివ్వడు.

ఎల్‌సీ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఇంకెవరు ఫోన్ చేసినా, ఎంత పెద్ద అధికారి ఒత్తిడి తెచ్చినా ఆపరేటర్ లైన్ ఛార్జ్ చేయకూడదు, అంటే కరెంటు ఇవ్వకూడదు. అప్రెంటిస్‌గా ఉన్న ఏడాదిలో ఇదొక్కటి ఒంటబట్టినా చాలు.

గేట్_గురి · మంగళవారం ఉదయం 8:05

సార్, మీ అనుభవానికి నమస్కారం. కానీ ఇవన్నీ ఏఈ ఉద్యోగం వచ్చాక కూడా నేర్చుకుంటారు కదా. ఉద్యోగం రావడానికి కావాల్సింది మార్కులు.

రిటైర్డ్_ఏడీఈ · మంగళవారం ఉదయం 8:40

నేర్చుకుంటారు బాబూ, కాదనను. కానీ ఏఈగా సెక్షన్ ఛార్జి తీసుకున్న మర్నాటి నుంచే ఆ లైన్‌మన్లందరి ప్రాణాలకి నువ్వు జవాబుదారీ. నేర్చుకునేదాకా గాలివాన ఆగదు. నీ కింద పనిచేసేవాళ్లలో పాతికేళ్ల అనుభవం ఉన్న లైన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. వాడు "ఏం పర్లేదు సార్, రెండు నిమిషాల పని, ఎల్‌సీ అక్కర్లేదు" అంటాడు. అప్పుడు నీకు తెలిసి ఉండాలి, కాదని చెప్పే ధైర్యమూ ఉండాలి. అప్రెంటిస్‌కి బాధ్యత ఉండదు, అడిగే స్వేచ్ఛ మాత్రం ఉంటుంది. ఆ అవకాశం తర్వాత ఎవరికీ దొరకదు.

ఎంఆర్‌టీ_మనిషి · మంగళవారం ఉదయం 9:30

ఏడీఈ గారు ఆపరేషన్ వైపు చెప్పారు. నేను రిలేల వైపు, అంటే ఫాల్టును పట్టి బ్రేకర్‌ని కొట్టించే పరికరాల వైపు చెబుతాను. ఎంఆర్‌టీలో (మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగం) నా పని అదే కాబట్టి.

లైన్‌లో ఫాల్టు ఎంత దూరంలో ఉందో చూసి పనిచేసే డిస్టెన్స్ రిలే గురించి పరీక్షలో ఏం రాస్తాం? జోన్ 1 లైన్‌లో దాదాపు 80 శాతం వరకు, వెంటనే ట్రిప్. జోన్ 2 లైన్ మొత్తం దాటి 120 శాతం దాకా, కొంచెం ఆలస్యంగా. ఆ 20 శాతం ఎందుకు వదిలేశారని అడిగితే చాలామంది నోరు మెదపరు. కరెంటును, వోల్టేజీని కొలవడానికి పెట్టే సీటీలో, పీటీలో, లైన్ ఇంపిడెన్స్ లెక్కలో ఎంతో కొంత తేడా ఉంటుంది. నూటికి నూరు పెడితే పక్క సబ్‌స్టేషన్ బస్ అవతల ఫాల్టుకి కూడా మనది కొట్టేస్తుంది. రిలే టెస్ట్ కిట్ తగిలించి కరెంటు పెంచుకుంటూ పోతే, అది ఎక్కడ పికప్ అవుతుందో, ఎన్ని మిల్లీసెకన్లలో కొడుతుందో కళ్లముందు కనిపిస్తుంది.

అంతకంటే ముందు బ్యాటరీ గది చూడమంటాను. సబ్‌స్టేషన్‌లో అందరూ ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడి ఫొటో దిగుతారు, బ్యాటరీల వైపు ఎవరూ తొంగి చూడరు. రిలే ఫాల్టును పట్టుకున్నా, బ్రేకర్ ట్రిప్ కాయిల్‌కి డీసీ అందకపోతే బ్రేకర్ తెరుచుకోదు. అప్పుడు వెనకున్న బ్రేకర్ కొట్టాలి, ఈలోపు తీగ తెగి నేల మీద పడినా కరెంటు ఆగదు. సెల్ వోల్టేజీ, యాసిడ్ గ్రావిటీ రాసే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. రోజూ ఒకే అంకెలు కనిపిస్తే హైడ్రోమీటర్ తీసుకుని నువ్వే కొలిచి చూడు.

ఇంకొకటి. 11 కేవీ ఫీడర్‌లో ఫాల్టయితే ఆ ఫీడర్ బ్రేకరే కొట్టాలి. దాని బదులు వెనకున్న గ్రూప్ బ్రేకర్ కొట్టి నాలుగు ఫీడర్లు పోయాయంటే గ్రేడింగ్ (ఏ బ్రేకర్ ముందు కొట్టాలన్న క్రమం) తప్పినట్టు, లేదా ఫీడర్ బ్రేకర్ మొరాయించినట్టు. అలా జరిగిన రోజున నువ్వు అక్కడ ఉంటే ఇంటికెళ్లకు. ఎంఆర్‌టీ వాళ్లు వచ్చి తేల్చేదాకా పక్కనే నిలబడు.

తాడేపల్లి_సెక్షన్ · మంగళవారం మధ్యాహ్నం 1:15

ఇక్కడ అమ్మాయిలు కూడా చదువుతూ ఉంటారు కాబట్టి రాస్తున్నాను. నేను ఏఈగా పనిచేస్తున్నాను. "ఆడపిల్లవి, ఆఫీసులో కూర్చునే సీటు అడుగు" అని చేరిన కొత్తలో అందరూ ప్రేమగానే చెప్పారు. అలా ఆఫీసుకే పరిమితమైతే ఫీల్డు ఎప్పటికీ రాదు. నేను ఆపరేషన్ వైపే ఉన్నాను. లైన్‌మన్లు మొదట్లో "అమ్మా, మీరు కారులో కూర్చోండి, మేం చూసుకుంటాం" అనేవాళ్లు. వాళ్లతోపాటు చేలగట్ల మీద నడిచి, ప్రతి డీటీఆర్ (పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్) దగ్గర ఆగి, ఎర్తింగ్ పిట్‌లో నీళ్లు పోశారా లేదా అని అడగడం మొదలుపెట్టాక ఆ మాట ఆగిపోయింది. అప్రెంటిస్‌గా చేరే అమ్మాయిలు మొదటి వారంలోనే ఫీల్డుకి పంపమని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు.

సబ్‌స్టేషన్లలో ఆడవాళ్లకి సరైన గది, బాత్రూము లేకపోతే అదీ రాసి ఇవ్వండి. సర్దుకుపోతే మన తర్వాత వచ్చే పిల్ల కూడా సర్దుకుపోవాల్సి వస్తుంది.

ఇబ్రహీంపట్నం_800 · మంగళవారం సాయంత్రం 6:50

అందరూ డిస్కం, ట్రాన్స్‌కో గురించే మాట్లాడుతున్నారు. జనరేషన్ వైపు పిలుపొస్తే వదులుకోవద్దని చెప్పడానికి వచ్చాను. మన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో ఆరు 210 మెగావాట్ల యూనిట్లు, ఒక 500, 2023లో వచ్చిన ఒక 800 ఉన్నాయి. మొదటి యూనిట్లు 1979 కాలం నాటివి. అంటే ఒకే ప్రహరీ లోపల నాలుగు దశాబ్దాల టెక్నాలజీ పక్కపక్కనే కనిపిస్తుంది. పాత 210లో బాయిలర్ డ్రమ్ము ఉంటుంది, నీరు, ఆవిరి అక్కడ విడిపోతాయి. 800 సూపర్‌క్రిటికల్. పీడనం 221 బార్ దాటాక నీటికి, ఆవిరికి మధ్య హద్దే ఉండదు కాబట్టి డ్రమ్ముతో పనిలేదు. ఈ రెండూ ఒకే వారంలో చూసిన కుర్రాడికి ఇంటర్వ్యూలో ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. జనరేటింగ్ స్టేషన్లలో ఆపరేషన్, మెయింటెనెన్స్ చేసే ఇంజనీర్లకి నిర్దేశించిన శిక్షణ తప్పనిసరి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనల్లోనూ ఇది ఉంది. అందుకే నేషనల్ పవర్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది పీజీ డిప్లొమా నడుపుతోంది. ప్రధాన కార్యాలయం ఫరీదాబాద్, మనకి దగ్గర్లో నైవేలి. ప్రైవేటు పవర్ ప్లాంట్లలోకి వెళ్లాలనుకునే వాళ్లకి అదొక దారి. ఫీజు మాత్రం గట్టిగానే ఉంటుంది, ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి.

బ్రిస్బేన్_బెజవాడ · బుధవారం తెల్లవారుజామున 4:30

మాది పటమట. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పవర్ వైపు పనిచేస్తున్నాను. ఇక్కడి డిస్ట్రిబ్యూషన్, ట్రాన్స్‌మిషన్ కంపెనీల్లో గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ అంటే రెండు మూడేళ్లు ఉంటుంది. కొన్ని నెలలు ప్రొటెక్షన్, కొన్ని నెలలు ప్లానింగ్, తర్వాత డిపోలో ఫీల్డు సిబ్బందితో, ఇలా తిప్పుతారు. మీద ఒక సీనియర్‌ని గురువుగా పెడతారు. క్వీన్స్‌లాండ్‌లో అయితే రిజిస్టర్డ్ ఇంజనీర్ కాకుండా, లేదా అలాంటివాళ్ల పర్యవేక్షణ లేకుండా ఇంజనీరింగ్ సేవలు చేయడం చట్టవిరుద్ధం. 2002 నాటి చట్టం అది. అందుకే ఆ తిప్పడాన్ని కంపెనీలు శ్రద్ధగా చేస్తాయి. అయితే చాలా ప్రోగ్రాములు పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస అనుమతి) అడుగుతాయి. మన పిల్లలు కన్సల్టెన్సీ మాట విని, మాస్టర్స్ కాగానే ఇందులో చేరిపోతామనుకుని అప్పు చేసి రావద్దు.

మన దగ్గర అప్రెంటిస్‌ని ఏడాదంతా ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్లు నింపించే చోట్లు కూడా ఉంటాయి. అక్కడ ఈ తిప్పే పద్ధతిని మనమే రాసుకుని అడగాలి. ఆపరేషన్ సెక్షన్‌లో కొన్ని నెలలు, సబ్‌స్టేషన్‌లో కొన్ని, ఎంఆర్‌టీలో కొన్ని, గుణదల వైపు వెళ్లే వీలుంటే రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఒక్కసారైనా చూపించమని.

సింగ్‌నగర్_నివాసి · బుధవారం ఉదయం 10:10

నేను ఇంజనీర్‌ని కాదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇంట్లో పీకల్లోతు నీళ్లు. నీళ్లు తగ్గాక కూడా కరెంటు ఇవ్వలేదని మేమంతా కోప్పడ్డాం. అప్పుడొక కుర్ర ఏఈ మా సందులో నిలబడి, ముందు మీటరు బోర్డులు, సర్వీస్ వైర్లు చూడాలి, మునిగిన ట్రాన్స్‌ఫార్మర్‌కి మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూశాకే ఛార్జ్ చేస్తాం, తొందరపడితే తడిసిన గోడల్లో కరెంటొస్తుంది అని ఓపిగ్గా చెప్పాడు. బట్టలు మోకాళ్ల దాకా బురద. అంతమంది అరుస్తున్నా ఆ అబ్బాయి గొంతు పెంచలేదు. అలాంటివాళ్లు ఎక్కడ తయారవుతారో అక్కడికే వెళ్లు బాబూ.

గేట్_గురి · బుధవారం మధ్యాహ్నం 12:25

ఇంత చదివాక కొంచెం మెత్తబడ్డాను. అయినా నా మాట మీదే ఉన్నాను. ఏఈ నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చినప్పుడు రాతపరీక్షే కీలకం, సబ్‌స్టేషన్‌లో చూసినదానికి విడిగా మార్కులు వేయరు. కాబట్టి చేరితే మొదటి రోజే టైం టేబుల్ రాసుకో. ఉదయం ఐదు నుంచి ఏడున్నర దాకా చదువు, ఆదివారాలు మాక్ టెస్టులు. పవర్ సిస్టమ్స్, మెషీన్స్ మీద నీకు అక్కడ పట్టు దొరుకుతుంది. మ్యాథ్స్, నెట్‌వర్క్స్, కంట్రోల్ సిస్టమ్స్‌కి ఆ సౌకర్యం లేదు, అవి నువ్వే చూసుకోవాలి. ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులున్నాయి, వదలొద్దు.

ఎంఆర్‌టీ_మనిషి · బుధవారం మధ్యాహ్నం 1:05

ఈ మాటకి నేనూ ఒప్పుకుంటున్నాను. రెండూ పట్టుకోగలిగితేనే చేరు. అలాగే అప్రెంటిస్‌షిప్ ఒకసారి చేశాక మళ్లీ ఇంకో సంస్థలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరడానికి వీలుండదు. ఉన్న ఒక్క అవకాశం ఇదే. కాబట్టి ఏ ఆఫీసు, ఏ విభాగం అన్నది సంతకానికి ముందే కనుక్కో. నాట్స్‌లో నమోదుకి పైసా కట్టక్కర్లేదు. పోస్టింగ్ మంచిచోట వేయిస్తాం, తర్వాత పర్మినెంట్ చేయిస్తాం అని ఎవరైనా డబ్బులడిగితే నంబరు బ్లాక్ చెయ్యి, ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచు.

బ్రాడీపేట_ఈఈఈ · గురువారం రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఏడీఈ గారి జనరేటర్ సంగతి విన్నాక నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, చేరు, గేట్ ఫీజు కూడా కట్టేద్దాం" అన్నారు. పర్మినెంట్ విషయం బాబాయి ఇంకా నమ్మడం లేదు, కాంట్రాక్టు కాగితం చూపిస్తాను. ఫోన్ చేసి కనుక్కుంటే మొదటి పోస్టింగ్ 33/11 కేవీ సబ్‌స్టేషన్ అన్నారు. గుంటూరు నుంచి రోజూ వెళ్లి రావడం కుదురుతుంది. రిపోర్ట్ చేసేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

తాడేపల్లి_సెక్షన్ · గురువారం రాత్రి 9:05

ప్రొవిజనల్, మార్కుల మెమోలు, ఆధార్, ఆధార్‌తో లింకైన బ్యాంకు పాస్‌బుక్, నాట్స్ నమోదు నంబరు, ఫొటోలు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకో. కాపీలు రెండు సెట్లు పెట్టుకో. వేసుకునేవి కాటన్ బట్టలే. సింథటిక్ వద్దు, ఫ్లాషోవర్ అయితే, అంటే కరెంటు మెరుపులా మండితే, ఒంటికి కరుచుకుంటుంది. రబ్బరు సోల్ ఉన్న మూసిన బూట్లు. మెడలో గొలుసు, చేతికి కడియం, ఉంగరం ఉంటే ఇంట్లోనే తీసి పెట్టు. యార్డులో ఎవరో ఒకరు వెంట లేకుండా కంచె దాటి లోపలికి వెళ్లొద్దు. ఏ వస్తువునైనా చేత్తో చూపించకుండా నోటితో చెప్పడం అలవాటు చేసుకో.

రిటైర్డ్_ఏడీఈ · శుక్రవారం ఉదయం 6:05

వెళ్లిన రోజే సింగిల్ లైన్ డయాగ్రం అడుగు. గోడ మీద ఒకటి ఉంటుంది, కానీ అది పాతదై ఉండొచ్చు. తెల్లకాగితం తీసుకుని యార్డులో నడుస్తూ నువ్వే గీయి: 33 కేవీ ఎటు నుంచి వస్తోంది, పీటీఆర్‌లు (పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు) ఎన్ని, గ్రూప్ బ్రేకర్ ఎక్కడ, ఏ ఫీడర్ ఏ ఊరికి పోతోంది అని. గీసింది షిఫ్ట్ ఆపరేటర్‌కి చూపించి తప్పులు దిద్దించుకో. ఫొటో తీసి ఇక్కడ పెట్టకు, భద్రత విషయం. అర్థం కానిది మాటల్లో రాయి, నేను ఉదయం పూట ఇక్కడే ఉంటాను.